కాగులో బార్నబస్

ఆ శనివారం ఉదయం డార్విన్ ప్రూయిట్ పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. స్టేడియం పక్క మైదానంలో తమ గుడారం ఎప్పుడూ వేసే చోటే వేయాలి. ఇనప కాగులో పొట్టేలు మాంసంతో బర్గూ అనే పులుసు వండి స్నేహితులకు పెట్టాలి. తాను మాత్రం ఓ మూల కుర్చీ వేసుకుని, మంచి ఎర్ర వైన్ చప్పరిస్తూ నెమ్మదిగా తినాలి. ఆ తర్వాత లోపలికి వెళ్ళి ఆట చూసి, ఎప్పటిలాగే ఓడిపోయి ఇంటికి రావాలి. లిండ్‌వేల్ కాలేజీ జట్టు నది అవతలి టార్వర్ కాలేజీ చేతిలో ఓడిపోవడం ఆ ఊళ్ళో అక్టోబరులో ఆకులు రాలడంలాంటిది. ఎవరూ ఆశ్చర్యపోరు, అయినా చూడడానికి అందరూ వస్తారు.

డార్విన్‌కి ఊరి మధ్యలో కళ్ళద్దాల దుకాణం ఉంది. నెమ్మదైన మనిషి. ఎవరైనా గట్టిగా మాట్లాడితే తప్పు తనదే అయి ఉంటుందని ముందే ఒప్పుకునే రకం. ఆయనకు రెండే పిచ్చులు. ఒకటి కాలేజీ ఫుట్‌బాల్, రెండోది వైన్. మొదటిది ఊరందరికీ ఉన్నదే కనక ఎవరూ లెక్కచేయరు. రెండోదాన్ని మాత్రం, బీరూ బోర్బన్ విస్కీ తప్ప ఎరగని ఆ కెంటకీ పట్నంలో చిన్నపాటి జబ్బులాగా చూసేవారు. పక్క గుడారం హోబర్ట్ స్లోన్ అయితే కలిసినప్పుడల్లా, "ఏరా, ఇవాళ కూడా ద్రాక్ష కషాయమేనా?" అని పలకరించేవాడు.

డార్విన్ ఆ రోజు ఫ్రాన్సు నుంచి తెప్పించుకుని దాచుకున్న సీసాలన్నీ కారులో పెట్టడం చూసి భార్య నోరీన్ అడిగింది.

"అన్నీ ఎందుకు? గెలుస్తామనా?"

"ఓడిపోతే ఒకటి. ఘోరంగా ఓడిపోతే మిగతావి."

నోరీన్ గ్లాసులు తెచ్చి పక్కన పెట్టింది. ఆవిడా ఆ ఊరి అభిమానే.

పొద్దెక్కేసరికి కాగు ఉడుకుపట్టింది. మాంసం, మొక్కజొన్న, బెండకాయలు, టమాటాలు, చిక్కుడు గింజలు ఒకదాన్నొకటి మర్చిపోయి ఒకే పులుసు అయ్యే దశకు వచ్చాయి. మాంసం మాత్రం కాస్త ముదురుగా ఉందని డార్విన్‌కి అనిపించింది. ఊరి బయట ఓడెల్ స్టింప్సన్ గొర్రెల దొడ్డి నుంచి అతని తమ్ముడు వర్జిల్ ముందురోజు సాయంత్రం కోసి తెచ్చి ఇచ్చిన మాంసమది. ముదురైతే ఏం, ఇంకాసేపు ఉడికిస్తే సరి అనుకుని కర్రగరిటె తిప్పుతూ నిలబడ్డాడు. అప్పుడు వచ్చాడు హోబర్ట్, రేడియో చెవికి ఆనించుకుని, ముఖం పాలిపోయి.

బార్నబస్ కనపడడం లేదట.

బార్నబస్ అంటే లిండ్‌వేల్ జట్టు పొట్టేలు. జట్టు పేరే పొట్టేళ్ళు కనక ప్రతి ఆటకూ ముందు ఒక నిజమైన పొట్టేలు మైదానంలోకి పరుగెత్తాలి, దాని వెనక ఆటగాళ్ళు పరుగెత్తాలి. మెడలో గంట, నీలం రంగు పూసిన కొమ్ములు. దాన్ని చూడగానే పెద్ద పెద్ద వకీళ్ళు కూడా కుర్చీలెక్కి అరిచేవారు. దాన్ని పెంచేది మిస్ యూలా టాకెట్. ఊళ్ళో సగం మందికి లాటిన్ పాఠాలు చెప్పి రిటైరైన ఆవిడ. పాఠాలు మర్చిపోయినవాళ్ళకు కూడా ఆవిడంటే భయం మాత్రం మిగిలింది. ముందురోజు ఆవిడ బార్నబస్‌ని గిట్టలు చెక్కించడానికి తీసుకెళ్ళి ఒక దొడ్లో వదిలిందని, తెల్లవారేసరికి అది అక్కడ లేదని రేడియోవాళ్ళు చెప్పారు.

"ఎవరి దొడ్లో?" అని అడిగాడు డార్విన్.

"ఓడెల్ స్టింప్సన్ దొడ్లో," అన్నాడు హోబర్ట్.

డార్విన్ చేతిలో గరిటె ఆగిపోయింది. కాగులోకి చూశాడు. కాగు ఒక బుడగ వదిలి ఊరుకుంది. హోబర్ట్ మాత్రం ఇది టార్వర్ వాళ్ళ పనేనని, పోయినేడాది బార్నబస్‌ని ఎత్తుకుపోయి పసుపురంగు పూసి పంపినవాళ్ళు ఈసారి ప్రాణాలే తీసి ఉంటారని, చేసినవాడు దొరికితే ఊళ్ళో వాళ్ళు ముక్క కూడా మిగల్చరని చెప్పుకుంటూ వెళ్ళిపోయాడు.

డార్విన్ గుడారం వెనక్కి వెళ్ళి ఓడెల్ ఇంటికి ఫోన్ చేశాడు. ఓడెల్ ఆట చూడడానికి వచ్చే దారిలో ఉన్నాడు కాబోలు, ఇంట్లో లేడు. వర్జిల్ ఎత్తాడు. వర్జిల్ మాటలు పొదుపుగా వాడే మనిషి.

"నిన్న నువ్వు కోసింది ఏ పొట్టేలు?"

"ముందు దొడ్లోది. అన్న అదే కొయ్యమన్నాడు."

"దాని మీద గుర్తేమైనా ఉందా?"

"నీలం రంగు ఉంది."

డార్విన్ గుడారం తాడు పట్టుకున్నాడు. మెడలో గంట ఉందా అని అడగడానికి నోరు రాలేదు. వర్జిల్ తనంతట తానే, కొమ్ములు మాత్రం భలే ఉన్నాయి, గోడకి కొట్టుకుందామని అట్టేపెట్టాను అన్నాడు. తర్వాత, "ఏం, మాంసం బాగోలేదా?" అని అడిగాడు.

"బాగుంది," అన్నాడు డార్విన్, ఎవరి గొంతో అన్నట్టున్న గొంతుతో.

ఆయనకు ముచ్చెమటలు పోశాయి. చుట్టూ చూస్తే మైదానమంతా నీలం చొక్కాలే. రోజూ తన దుకాణానికి వచ్చి అక్షరాలు చదివి వెళ్ళే మనుషులే, కానీ ఇవాళ ఒక్కొక్కరి చేతిలో మాంసం పొడిచే రెండు మొనల శూలం. పోయిన సీజన్లో ఒక ఆటగాడు బంతి జారవిడిచినందుకు అతని మేనమామ కారు అద్దాలు పగలగొట్టిన జనం వీళ్ళు. బార్నబస్‌ని బెండకాయలతో కలిపి ఉడికించినవాణ్ణి ఏం చేస్తారో ఊహించడానికి కూడా డార్విన్‌కి ధైర్యం చాలలేదు.

కాగు ఒలకబోసేస్తే సరి అనుకున్నాడు. జారినట్టు నటించి భుజంతో ఒక తోపు తోశాడు. కాగు ఒరిగింది కూడా. కానీ ఎక్కణ్ణుంచి వచ్చాడో హోబర్ట్ ఒక్క దూకు దూకి దాన్ని రెండు చేతులా పట్టి నిలబెట్టాడు. చేతులు బొబ్బలెక్కినా మొహంలో గర్వమే. "నీ బర్గూ పోనిస్తానట్రా?" అన్నాడు. ఆ త్యాగానికి బహుమానంగా తనే ఒక గిన్నె నింపుకుని, అబ్బ, ఈ ఏడాది వేరే రుచిగా ఉందని చుట్టుపక్కల గుడారాలన్నిటికీ వినపడేలా చెప్పాడు.

జనం రావడం మొదలుపెట్టారు.

పాడు చేస్తే ఎవరూ తినరు కదా అని డార్విన్ ఉన్న మిరియాలపొడి అంతా కాగులో గుమ్మరించాడు. తిన్నవాళ్ళు కళ్ళలో నీళ్ళు పెట్టుకుని, బార్నబస్ బాధలో ఉన్న మాకు ఈ ఘాటు ఎంతో ఊరటగా ఉందని ఇంకో గిన్నె అడిగారు. అప్పుడాయనకు వైన్ గుర్తొచ్చింది. ఈ ఊళ్ళో వైన్ అంటే ఎవరికీ పడదు. ఒక సీసా బిరడా తీసి మొత్తం పోశాడు. తర్వాత రెండోది, ఆ తర్వాత మూడోది. నోరీన్ గ్లాసు పట్టుకుని చూస్తూ నిలబడిపోయింది. మొగుడికి మతిపోయిందని అర్థమైంది గానీ ఎందుకు పోయిందో అర్థం కాలేదు.

అక్కడే పెద్ద పొరపాటు జరిగింది. ముదురు మాంసమూ, మంచి వైనూ, మిరియాలూ కలిసి సన్నని మంటమీద ఉడికేసరికి ఆ కాగులోంచి లిండ్‌వేల్ చరిత్రలో ఎవరూ ఎరగని వాసన లేచింది. స్టేడియం అవతలి గేటు దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా తలలు తిప్పారు. వరస రోడ్డు దాకా పెరిగింది. గొడ్డుమాంసం పులుసు ఇది, అంత గొప్పదేం కాదు అని డార్విన్ అబద్ధమాడి చూశాడు. వరసలో ఉన్న ఒక ముసలాయన, "నా నాలుక మీద ఒట్టు, ఇది పొట్టేలే. అదీ బాగా బతికిన పొట్టేలు," అన్నాడు. డార్విన్ పైప్రాణాలు పైనే పోయాయి.

ఆ వరసలోంచే బార్నబస్ కోసం వెతుకుతున్న షెరిఫ్ గ్రేడీ మంట్స్ వచ్చాడు. తెల్లవారినప్పటి నుంచీ తిరుగుతున్నాను, ఏమీ తినలేదు అంటూ గిన్నె చాపాడు. తింటూనే డార్విన్‌ని అనుమానాస్పదంగా ఎవరైనా కనిపించారా అని అడిగాడు. డార్విన్ లేదన్నాడు. నీకు ఒంట్లో బాగోలేదా, తెల్లగా పాలిపోయావు అన్నాడు షెరిఫ్. కాగు సెగ అన్నాడు డార్విన్. షెరిఫ్ తలూపి రెండో గిన్నె నింపుకున్నాడు.

అప్పుడు వరస దానంతటదే రెండుగా చీలింది. మధ్యలోంచి మిస్ యూలా టాకెట్ నడిచి వచ్చింది. నీలం కోటు, నీలం టోపీ. మగవాళ్ళు టోపీలు తీశారు. ఎవరో ఆవిడకు కుర్చీ వేశారు. ఆవిడ ఎవరి ముఖమూ చూడకుండా కూర్చుని, ప్రొద్దుట నుంచీ మెతుకు ముట్టలేదు, ఒక గిన్నె పెట్టు ప్రూయిట్ అంది.

పెట్టకుండా ఎలా? డార్విన్ గిన్నె అందించాడు. చెంచా గిన్నెకి తగిలి టకటకలాడింది. ఆవిడ తినసాగింది. ఒక్కో ముద్దకీ డార్విన్ గుండె ఒక్కో మెట్టు కిందికి దిగింది. ఆవిడ మౌనం ఆయనకు దుఃఖంలా కనిపించింది. ఆవిడ మధ్యమధ్య తలెత్తి తనని చూడడం, వెంటనే చూపు తిప్పుకోవడం నేరం పసిగట్టినట్టుగా కనిపించింది. గిన్నె ఖాళీ చేసి, పెదాలు తుడుచుకుని ఆవిడ అడిగింది.

"చాలా బాగుంది ప్రూయిట్. ఎక్కడిది ఈ మాంసం?"

స్కూల్లో ఆవిడ ప్రశ్న అడిగితే డార్విన్ ఏనాడూ అబద్ధం చెప్పలేకపోయాడు. ఇప్పుడూ అంతే. నేలమీద కూర్చుండిపోయాడు.

"మిస్ యూలా, నన్ను క్షమించండి. ఇది మీ బార్నబస్సే."

నోళ్ళ దగ్గరికి వెళ్ళిన చెంచాలు వెళ్ళినచోటే ఆగాయి. దూరంగా బ్యాండు వాళ్ళు వాయిస్తున్న పాట ఒక్కటే వినపడింది. ఒకడు వెనక్కి తిరిగి వాంతి చేసుకున్నాడు. ఇందాకటి ముసలాయన టోపీ గుండెకి ఆనించుకుని, పారేస్తే దానికి అవమానమంటూ గిన్నెలో మిగిలింది పూర్తి చేశాడు. హోబర్ట్ తన బొబ్బల చేతుల వంక చూసుకుని ఏడవడం మొదలుపెట్టాడు. నోరీన్ భర్త పక్కకి వచ్చి నిలబడి, లోగొంతుతో, "మూడో సీసా పొయ్యకముందు నాకో మాట చెప్పి ఉండాల్సింది," అంది.

మిస్ యూలా ముఖంలో రంగులు మారాయి. లేచి, అందరూ దారి ఇస్తుంటే గబగబా వెళ్ళిపోయింది.

ఆ తర్వాత శబ్దం మొదలైంది. ముందు గొణుగుడు, తర్వాత కేక, ఆ తర్వాత శూలాలు పట్టుకున్న చేతులు దగ్గరికి రావడం. షెరిఫ్ గిన్నె కింద పెట్టి డార్విన్ చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి తన కారు వెనక సీట్లో పడేసి తలుపులు బిగించాడు. జనం కారు చుట్టూ మూగారు. అద్దాల మీద అరచేతులు పడ్డాయి. షెరిఫ్ ముందు సీట్లో కూర్చుని టోపీతో విసురుకున్నాడు.

"నేను రెండు గిన్నెలు తిన్నాను డార్విన్. సాక్ష్యం సగం నా కడుపులోనే ఉంది. ఇప్పుడు నేనేం రాసుకోవాలి?"

ఆట మొదలవుతోందని మైకులో చెప్పినా జనం పూర్తిగా కదల్లేదు. కొందరు లోపలికి వెళ్ళారు, మిగతావాళ్ళు కారుకి కాపలా ఉన్నట్టుగా అక్కడే నిలబడ్డారు. షెరిఫ్ రేడియో పెట్టాడు. వార్త అప్పటికే ఆటగాళ్ళ గదికి చేరిపోయిందట. కొందరు ఏడ్చారట, ఒకడు తలుపు విరగ్గొట్టాడట. ఆట మొదలైన కాసేపటికి రేడియోలో మనిషి గొంతు మారింది. లిండ్‌వేల్ కుర్రాళ్ళు పూనకం వచ్చినట్టు ఆడుతున్నారని, టార్వర్ వాళ్ళని ఎత్తి ఎత్తి పడేస్తున్నారని చెప్పాడు. బంతి గీత దాటింది. కాసేపట్లో ఇంకోసారి దాటింది. షెరిఫ్ అనుకోకుండా చప్పట్లు కొట్టి, డార్విన్ వంక చూసి మానేశాడు.

అప్పుడు మిస్ యూలా కారు దగ్గరికి వచ్చింది. తన పొట్టేల్ని చంపినవాడితో ఒంటరిగా ఒక్క మాట మాట్లాడాలంది. కాదనేవాళ్ళెవరు? షెరిఫ్ కారు దిగి అవతలికి వెళ్ళాడు. ఆవిడ డార్విన్ పక్కన కూర్చుని తలుపు వేసింది. డార్విన్ కళ్ళు మూసుకున్నాడు.

"బార్నబస్ నా స్నానాలగదిలో ఉంది," అంది ఆవిడ.

డార్విన్ కళ్ళు తెరిచాడు.

"నిన్న పొద్దుగూకేవేళ నేనే వెళ్ళి వెనక గేటు నుంచి తెచ్చుకున్నాను. టార్వర్ వాళ్ళు ఈసారీ ఎత్తుకుపోతారని విన్నా. పోయిందని చెబితే వెతకడం మానేస్తారని రేడియోకి నేనే చెప్పాను. షెరిఫ్‌తో కూడా అబద్ధమాడాను. నువ్వు ఆ వణుకుతో గిన్నె ఇస్తుంటే నీకు తెలిసిపోయిందనుకున్నాను ప్రూయిట్. నలుగురిలో ఎక్కడ బయటపెడతావోనని ప్రాణాలు బిగబట్టుకుని తిన్నాను."

"మరి నేను వండింది?"

"అది నాకేం తెలుసు. బాగుంది."

డార్విన్‌కి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. వెంటనే బయటికెళ్ళి చెబుదాం పదండి అంటూ తలుపు వైపు జరిగాడు. ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఏళ్ళతరబడి సుద్దముక్క పట్టిన చెయ్యి అది.

"చెబుదామనే వచ్చాను. నిజం. కానీ ఆ రేడియో విను."

ఇద్దరూ విన్నారు. లిండ్‌వేల్ ముందుంది. బాగా ముందుంది. ఒక ఆటగాడు బంతితో పరుగెత్తుతూ బార్నబస్ పేరు అరిచాడని చెబుతున్నాడు రేడియోలో మనిషి, తనూ ఏడుస్తూ.

"అది బతికే ఉందని తెలిస్తే వీళ్ళు మళ్ళీ మామూలుగా ఆడతారు," అంది మిస్ యూలా. "మామూలుగా ఆడితే ఏమవుతుందో నీకు తెలుసు."

అద్దం అవతల ఒకడు శూలంతో తన గొంతు మీద గీత గీసి చూపించాడు. ఒక్క మాట చెబితే ఈ కారు దిగి పెళ్ళాం దగ్గరికి పోవచ్చు. చెప్పకపోతే ఆట అయ్యేదాకా బతికుంటాడో లేదో తెలియదు. నాన్నతో కలిసి వచ్చిన ఆటలన్నీ డార్విన్‌కి గుర్తొచ్చాయి. ప్రతిసారీ మొహం వేలాడేసుకుని నడిచిన దారి గుర్తొచ్చింది. సీటులో ఇంకా కిందికి జారి, చొక్కా కాలరు పైకి లాక్కున్నాడు.

"ఎంతసేపుంది ఇంకా?" అని అడిగాడు.

"ఉంటావని నాకు తెలుసు," అంది మిస్ యూలా. స్కూల్లో ఆయనని ఆవిడ ఏనాడూ అలా మెచ్చుకోలేదు. "కాస్త పశ్చాత్తాపపడుతున్నట్టు కనపడు. నేను నిన్ను తిడుతున్నట్టు చేతులు ఊపుతాను."

ఆవిడ చేతులు ఊపింది. బయట జనానికి కాస్త తృప్తి కలిగింది. ఆటంతా అలాగే సాగింది. అవతల స్టేడియంలో కేక లేచినప్పుడల్లా డార్విన్ మనసు ఎగిరేది, అద్దం మీద అరచెయ్యి పడినప్పుడల్లా ప్రాణం జారేది. సగం ఆట అయ్యేసరికి కారు ఒక పక్క టైరులో గాలి పోయింది. మూడో భాగంలో ఎవరో కారు పైకెక్కి కూర్చున్నారు. టార్వర్ వాళ్ళు కాస్త పుంజుకున్నప్పుడు మిస్ యూలా కిటికీ దించి, బార్నబస్ ఆఖరి చూపు గురించి జనానికి రెండు మాటలు చెప్పింది. అవి ఎవరో లోపలికి మోసుకెళ్ళారు. లిండ్‌వేల్ మళ్ళీ బంతి గీత దాటించింది.

లిండ్‌వేల్ గెలిచింది.

జనం మైదానంలోకి దూకి గోల్‌పోస్టులు పీకుతుండగా మిస్ యూలా ఇంటికి వెళ్ళి, స్నానాలగది కర్టెన్ సగం నమిలి ఉన్న బార్నబస్‌ని తాడు కట్టి తీసుకొచ్చింది. నీలం కొమ్ములతో అది గేటులోంచి నడిచి వస్తుంటే హోబర్ట్ దెయ్యమనుకుని గుడారంలో దూరాడు. మిగతావాళ్ళు ముందు కొయ్యబారిపోయి, తర్వాత దాని కాళ్ళ మీద పడ్డారు. బార్నబస్ తనంతట తానే స్నానాలగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుందని మిస్ యూలా రేడియోకి చెప్పింది. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళెవరూ ఎదురుప్రశ్న వెయ్యలేదు. ఆ గొడవలోనే ఓడెల్ వచ్చి, అమ్మకానికి పెట్టిన జీవాల వీపు మీద తను ఎప్పుడూ నీలం రంగే రాస్తానని, ఇంతకీ దానికి ఇన్ని ప్రశ్నలెందుకని అడిగాడు.

షెరిఫ్ తలుపు తీశాడు. డార్విన్ దిగి నోరీన్ భుజం పట్టుకున్నాడు. ఆవిడ మిగిలిన ఒక్క సీసా గ్లాసుల్లో పోసి, కాగు అడుగున అంటుకున్నది గీకి పెట్టింది. ఇద్దరూ తిన్నారు. శూలంతో గొంతు చూపించినవాడు వచ్చి, తనకీ ఆ కషాయం కాస్త పొయ్యమని వినయంగా అడిగాడు.

వారం తిరిగేసరికి ఇంకో జట్టు చేతిలో లిండ్‌వేల్ చిత్తుగా ఓడిపోయింది. సోమవారం డార్విన్ దుకాణానికి కళ్ళజోడు అవసరం లేని మనుషులు చాలామంది వచ్చారు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, ఈసారి బార్నబస్‌ని నిజంగానే వండితే ఎలా ఉంటుందని అడిగారు. ఆ సాయంత్రమే షెరిఫ్ మిస్ యూలా ఇంటి ముందు ఇద్దరు పోలీసుల్ని కాపలా పెట్టాడు. వాళ్ళు టార్వర్ వైపు కాదు, ఊరి వైపు చూస్తున్నారు.